పాత ఇంటి నేల తొలిచి చెదల మందు ఎక్కించాలా, వద్దా?

వేళచ్చేరి వాసి:
నమస్కారం. చెన్నై వేళచ్చేరిలో మాకు 30 ఏళ్ళ నాటి సొంత ఇల్లు ఉంది. 2015 డిసెంబరు వరదలో కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి, గోడల అడుగున ఆ చెమ్మ నేటికీ పూర్తిగా ఆరలేదు. మొన్న తొలి వానలు పడిన సాయంత్రం ట్యూబులైటు చుట్టూ ఉసిళ్ళు, అంటే రెక్కల చెదలు, ముసిరాయి. అనుమానం వచ్చి వంటగది ద్వారబంధాన్ని బొటనవేలితో నొక్కితే, రంగు పొర అప్పడంలా విరిగి, చెక్క ఉండవలసిన చోట తడి మట్టి కనబడింది. పక్క గదిలో మా అమ్మగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న టేకు భోషాణం కింద కూడా రవ్వలాంటి పొడి రాలుతోంది. చెదల మందు కొట్టే సంస్థ మనిషి వచ్చి చూసి, కింది అంతస్తులో గోడ వెంట అడుగుకొక రంధ్రం వేసి మందు ఎక్కించాలని, అయిదేళ్ళ హామీ ఇస్తామని అన్నాడు. వంటగది గోడకు పది అడుగుల దూరంలో బావి ఉంది, ఇంట్లో పాకే పిల్ల ఉంది కనుక మా ఆవిడ ససేమిరా వద్దంటోంది. వేపనూనెలో కిరసనాయిలు కలిపి పూస్తే చాలని మామగారంటున్నారు. మీ అనుభవం చెప్పగలరు.

కట్టడాల ఇంజనీరు:
మీ మామగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ పూతతో లాభం లేదు. ద్వారబంధంలో మీరు చూసినవి మేతకు వచ్చిన కూలి చెదలు మాత్రమే. గూడూ, గుడ్లు పెట్టే రాణీ నేలలో ఉంటాయి. కిరసనాయిలు తగిలినవి చస్తాయి, తక్కినవి జానెడు పక్కకు జరిగి మరో దారి కట్టుకుంటాయి. ఈ పురుగుల ఒంటి పొర పలచన కనుక పొడి గాలికి తట్టుకోలేవు, అందుకే మట్టి గొట్టం కట్టుకుని దాని లోపలే నడుస్తాయి. నేలనుంచి పైకి రావడానికి వాటికి అనువైన చోటు గచ్చు, గోడ కలిసే సందు. చెదల నివారణకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 6313లో, కట్టిన ఇళ్ళ సంగతి చెప్పే మూడో భాగం ఆ సందు వెంబడే 12 మిల్లీమీటర్ల రంధ్రాలు 30 సెంటీమీటర్లకొకటి వేసి, ఒక్కోదానిలో లీటరు వరకు మందునీళ్ళు ఎక్కించమంటుంది. ఏ మందన్నది కూడా ముఖ్యమే. బైఫెంత్రిన్ చెదలను దూరంగా తోలేస్తుంది, ఎక్కడైనా బెత్తెడు సందు మిగిలితే అక్కడినుంచి దూరతాయి. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ లాంటివాటిని పసిగట్టలేక వాటి మీదుగానే నడుస్తాయి, ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకునే అలవాటు వల్ల మందును గూటిదాకా మోసుకుపోతాయి. నా మాట అడిగితే, తొలిపించండి.

అంబత్తూరు గృహిణి:
ఇంజనీరు గారు రంధ్రాల లెక్క చెప్పారు కానీ, అందులో పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయో చెప్పలేదు. పదికి పన్నెండడుగుల గదికి చుట్టుకొలత 44 అడుగులు, అంటే ఒక్క గదికే సుమారు 44 లీటర్ల మందునీళ్ళు. ఇమిడాక్లోప్రిడ్‌కు వాసన లేదని ధైర్యం చెబుతారు, అది నీళ్ళలో కరిగే గుణం గలదని మాత్రం చెప్పరు. పది అడుగుల దూరంలో బావి పెట్టుకుని ఆ గుణాన్ని మరిచిపోవడం ఎలా? ఒకప్పుడు చెదలకు తిరుగులేని మందని పొగిడిన ఆల్డ్రిన్‌ను మన దేశంలో 1996లో నిషేధించారు. ఇక్కడ నేటికీ వాడుతున్న క్లోరోపైరిఫాస్‌ను అమెరికాలో ఇళ్ళ వాడకం నుంచి తప్పించడం 2000లోనే మొదలైంది.

మా ఇంట్లో మూడేళ్ళ క్రితం ఒక సంస్థ అయిదేళ్ళ హామీతో ఇదే పని చేసింది. పద్నాలుగో నెలలో పుస్తకాల అలమర వెనుక మళ్ళీ మట్టి గీతలు లేచి, పాత పంచాంగాలన్నీ జల్లెడైపోయాయి. కబురు పెడితే, గోడలో చెమ్మ ఉంటే హామీ వర్తించదన్నారు! చివరికి తేలింది ఏమిటంటే, అలమర వెనుక స్నానాలగది గొట్టం కారుతోంది. దాన్ని బాగుచేయించి, అలమరను గోడకు జానెడు ఎడంగా జరిపాక మళ్ళీ మట్టి కనబడలేదు. కాబట్టి ముందు నీళ్ళు ఆపండి, మందు సంగతి తరువాత చూడవచ్చు.

వడ్రంగి గారి అబ్బాయి:
అందరూ ద్వారబంధం మీదే పడ్డారు, భోషాణాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ మట్టి లేదనీ, పొడి రాలుతోందనీ రాశారు కదా, అది వేరే పురుగు పని. ఆ పొడిని తెల్ల కాగితం మీద పోసి భూతద్దంతో చూడండి. పిండిలా మెత్తగా ఉంటే పుచ్చు పురుగు. గసగసాల్లా గింజలు గింజలుగా, ఆరు పలకలతో ఉంటే పొడిచెక్క చెదలు. ఈ రకానికి నేలతో పనిలేదు, చెక్కలోనే కాపురం. మీరు గచ్చంతా తొలిచినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

టేకైతే చెదలు పట్టవనే మాట సగమే నిజం. టేకు చేవకే, అంటే నడిమి ముదురు చెక్కకే ఆ బలం, అంచున తెల్లగా ఉండే చెక్కను మామూలు కలపలాగే తింటాయి. ప్లైవుడ్ మీద బీడబ్ల్యూఆర్ అని ముద్ర చూసి మురిసిపోయేవాళ్ళూ ఉన్నారు. అది నీళ్ళకు జిగురు ఊడదని చెప్పే ముద్ర, చెదలు తినవని కాదు. భోషాణానికి వెనుకా అడుగునా ఉన్న పాలిష్ గీయించి, పచ్చి చెక్కకు బొరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం రెండు మూడుసార్లు పట్టించండి. పాలిష్ మీద పూస్తే ఇంకదు, నీళ్ళు తగిలితే కొట్టుకుపోతుంది. ఆరాక పైన జీడిపిక్కల తొక్కనూనె రాయడం మా నాన్నగారి పద్ధతి.

వేళచ్చేరి వాసి:
చూశాను, ఆరు పలకల గింజలే. ద్వారబంధం దగ్గర మట్టి గొట్టాన్ని అంగుళం మేర విరగ్గొట్టి చూస్తే, రెండో తెల్లవారేసరికి కొత్త తడి మట్టితో పూడ్చేశాయి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే మనుషులను చూశాను గానీ, లెక్కతో పనిలేకుండా వాసాలనే తినే చుట్టాలు ఒకే ఇంట్లో రెండు రకాలని ఇప్పుడే తెలిసింది. వంటగది తొట్టి కింద గొట్టం కూడా చెమరుస్తోంది, రేపు మార్పిస్తున్నాను. ద్వారబంధం తీయించి గ్రానైటు పెట్టిస్తాను. మందు మాత్రం బావి వైపు గోడను వదిలేసి, తక్కిన మూడు వైపులా ఎక్కిద్దామని అనుకుంటున్నాను.

కట్టడాల ఇంజనీరు:
భోషాణం విషయంలో వడ్రంగి గారి అబ్బాయిదే సరైన మాట, నేను గమనించలేదు. మూడు గోడల ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. ఒక వైపు తెరిచిన కంచెను కంచె అనరు, పైగా చెమ్మ ఎక్కువగా ఉన్నది మీరు వదిలేస్తానంటున్న వైపే.

అంబత్తూరు గృహిణి:
ఆ గోడ వైపు మందు పోయడానికి బదులు ఎర పెట్టెలు పెట్టించవచ్చు కదా? క్లోర్‌ఫ్లుజురాన్ కలిపిన ఎర తిన్న చెదలు చర్మం విడిచే వేళ కొత్త పొర కట్టుకోలేక చస్తాయి. కొన్ని నెలలు పడుతుంది నిజమే, కానీ నేలలో లీటర్ల కొద్దీ పోయడం ఉండదు.

కట్టడాల ఇంజనీరు:
దానికి ఒప్పుకుంటాను. అయితే ఎర పనిచేయాలంటే చెదలు బెదరకుండా దాని దగ్గరికి వస్తూ పోతూ ఉండాలి. అందుచేత అవి తినడం మానేదాకా ఆ గోడ వైపు మట్టి గొట్టాలను విరగ్గొట్టకండి, ఏ మందూ చల్లనివ్వకండి, మీ మామగారి కిరసనాయిలుతో సహా.