కరుణకు కపోతవర్ణం: ఏ పావురం?

పద్యప్రియ: రసాలకు రంగులు చెప్పే "శ్యామో భవతి శృంగారః" శ్లోకంలో మూడో పాదం "కపోతః కరుణశ్చైవ" కదా, అంటే శోకం పండే కరుణరసానిది పావురం రంగని? ఈ కపోతం బూడిదరంగా, గోధుమవన్నె గువ్వ రంగా? ఇది భరతముని నాట్యశాస్త్రం ఆరో అధ్యాయం. ఎనిమిదిలో ముఖరాగం, అంటే నటుడి మొహం రంగు చెబుతూ కరుణకు మొహం "రక్తం" (ఎరుపు) అన్నాడు ముని. రెండూ ఎలా పొసుగుతాయి?

అమరపాఠి: అమరకోశం నిఘంటువులో "పారావతః కలరవః కపోతః" అని ఉంది. మూడూ ఒకటే. చూరుల్లో గూడుపెట్టే మామూలు పావురం, బూడిదరంగు. గువ్వ ఊసే లేదు.

పద్యప్రియ: అమరం పర్యాయాలిస్తుంది కానీ వన్నె చెప్పదండీ. పావురం మెడ మీద పచ్చ, ఊదా మెరుపులు కూడా ఉంటాయి.

తెరవెనుక: ఆరోది రసం రంగు, ఎనిమిదోది పాత్ర మొహం. ఏడ్చినా, కోపమొచ్చినా మొహం ఎర్రబడుతుంది. వీరరౌద్రాలకూ ముని రక్తమే చెప్పాడు. ఏది కోపమో ఏది ఏడుపో చుట్టూ ఉన్న రంగే చెప్పాలి. వెనక ఎర్ర తెర ఉంటే మొహం పాలిపోయినట్టుంటుంది. బూడిద తెర ముందు అదే ఎరుపు కళ్ళచుట్టూ, ముక్కుకొసన తేలి కనబడుతుంది. పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి మారుస్తాయని ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రూల్ 1839లోనే పుస్తకం రాశాడు. లైట్లతోనే అసలు చిక్కు. లైటు ముందు ఎర్ర జెలటిన్ (రంగు పొర) వేస్తే బుగ్గల ఎరుపు చర్మంలో కలిసిపోతుంది. ఆకుపచ్చ వేస్తే నల్లబడుతుంది, ఆ వెలుగులో ఎరుపు పాలు లేదు కనక. కరుణకు దిద్దిన మొహం శ్యామమై (నల్లబడి) భయానకంలోకి జారుతుంది, ముఖరాగంలో ముని దానికి చెప్పింది శ్యామమే. ముందునుంచి తెలుపో పల్చటి ఆంబరో (తేనెరంగు) ఇచ్చి, నీలం వెనకనుంచి వేయాలి. మేకప్ కూడా ఆ లైట్ల కిందే సరిచూసుకోవాలి, ట్యూబులైటు కింద కాదు.

అమరపాఠి: తెర రంగు అని ముని ఎక్కడా అనలేదు. రంగుల వెంటనే అధిదేవతలను చెప్పాడు, కరుణకు యముడు. ఋగ్వేదం 10.165లో కపోతం యముడి దూత. నా మటుకు రంగు అక్కణ్ణుంచే వచ్చింది.

పద్యప్రియ: అసలు "రక్త" అంటే ఎరుపేనా? తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ ఏడుపును కోయిల గొంతుతో పోల్చే చోట "కషాయకంఠ" ఉంది. కాళిదాసు కోయిల కషాయకంఠాన్ని వ్యాఖ్యాత మల్లినాథుడు "రక్తకంఠః" అన్నాడు. అక్కడ రక్తం ఎరుపు కాదు, ఇంపు.

అమరపాఠి: అది గొంతు, ఇది మొహం. కషాయంలో వగరుంది, మామిడిచిగురు వగరు. ఆ వగరు పోతే తిమ్మన పద్యమే పోతుంది.

తెరవెనుక: ఆ పద్యంలో మొహమే కనబడదు, "మోముపయిఁ జేలచెఱంగిడి". కోపగృహంలోకి వెళ్ళేటప్పుడే "మాసిన చీర గట్టుకొని" అన్నాడు. ఎర్రబడ్డ మొహం చుట్టూ మాసిన బట్ట! ఆ "మాసిన" బూడిదరంగేనా?

పద్యప్రియ: మాయడం అంటే మురికి, రంగు కాదు కదండీ. పాఠం "మాసిన" అనేనా?