బడి మానేసిన పిల్లల టీచర్లకు రెండు రోజుల సదస్సు: విజయవాడలో హాలు, శిక్షకులు కావాలి

పనుల్లోంచి, వీధుల్లోంచి మళ్లీ చదువులోకి తెచ్చిన పిల్లలకు పాఠాలు చెప్పే 60 మంది టీచర్లకు ఈ సదస్సు. బెంజి సర్కిల్ దగ్గర ఏసీ హాలు చూశాం గానీ కుర్చీలన్నీ నేలకు బిగించేసినవి. ఆరుగురేసి చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడం కుదరదు. విడి కుర్చీలు, పది టేబుళ్లు పట్టే హాలు బస్టాండుకు దగ్గర్లో ఉందా? గుంటూరు వాళ్లు అయిదున్నరకల్లా బస్సెక్కాలి.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), 1098 (పిల్లల హెల్ప్‌లైన్) సంగతులు పొద్దున గంటన్నరలో ముగించేస్తాం. భోజనాలయ్యాక ఉపన్యాసం పెడితే సగం మంది జారుకుంటారు (సర్టిఫికెట్లు ముందే పంచితే మరీను). అందుకే మధ్యాహ్నమంతా అభ్యాసమే: పిల్లాడి చేతిమీద వాత కనబడింది, టీచరు నోట మొదటి మాట ఏం రావాలి? గుచ్చి గుచ్చి అడిగితే వాడు నోరు మూసుకుంటాడు. పిల్లలెవరో బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఉంది కాబట్టి అభ్యాసానికి తీసుకున్న కేసుల్లో పేర్లు, ఊళ్లు మార్చేశాం. ఈ అభ్యాసం తెలుగులో నడిపించగల కౌన్సెలర్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి.