ఓం అనకుండా ఇంట్లో చేస్తే అది యోగాయేనా?

వేకువజాము (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. నాకు 53 ఏళ్ళు. మొన్న వేసవిలో షుగర్ పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, అంటే షుగర్ వచ్చే అంచున ఉన్నట్టు. డాక్టరుగారు మందు రాయలేదు. నడవండి, యోగా చేయండి, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు. మా పై ఫ్లాట్ ఆవిడకీ దాదాపు ఇదే పరిస్థితి. ఇద్దరం మా హాల్లో చాపలు పరుచుకుని ఉదయం 5.30 నుంచి 6.15 దాకా చేస్తున్నాం. నాలుగు నెలలుగా ఒక్కరోజు తప్పలేదు.

ఆవిడ చర్చికి వెళ్తారు. మొదట మూడుసార్లు ఓంకారం, చివర శాంతి మంత్రం నేను చెప్తాను. ఆ కాసేపు ఆవిడ కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చుంటారు. మా ఇద్దరికీ దాంతో ఏ ఇబ్బందీ లేదు. మొన్న మా బావగారు ఊరినుంచి వచ్చి ఇది చూశారు. "ఓం అనని వాళ్ళు చేసేది కసరత్తు. నువ్వు వాళ్ళకోసం సాధనని కసరత్తు చేస్తున్నావు" అన్నారు. ఆవిడ ఎదురుగానే అన్నారు. మర్నాటినుంచి ఆవిడ రావడంలేదు.

నేను తప్పు చేస్తున్నానా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నరసరావుపేట_మాస్టారు
అమ్మా, ముందు ఒక చిన్న మాట. అది 'యోగా' కాదు, 'యోగం'. ఇంగ్లీషువాళ్ళ స్పెల్లింగు చూసి మనం తగిలించుకున్న దీర్ఘం అది.

మీ బావగారు చెప్పిన తీరు తప్పు. చెప్పిన విషయం మాత్రం తప్పు కాదు. పతంజలి యోగసూత్రాలు దాదాపు 195 ఉన్నాయి. ఆసనం గురించి చెప్పినవి వాటిలో మూడే. 'స్థిరసుఖమాసనమ్' అన్నాడు, అంటే కదలకుండా, సుఖంగా కూర్చోవడం. మిగతాదంతా మనసు గురించి, ఈశ్వరుడి గురించి, కైవల్యం గురించి. 'తస్య వాచకః ప్రణవః' అని ఓంకారాన్ని ప్రత్యేకంగా చెప్పాడు. యమ నియమాలు, ప్రాణాయామం, ధ్యానం అన్నీ తీసేసి కాళ్ళూ చేతులూ వంచడం ఒక్కటే ఉంచుకుంటే దానికి వ్యాయామం అనే పేరు ఉండనే ఉంది.

నేను 72 దాటాను. నలభై ఏళ్ళుగా ఇంట్లోనే చేస్తున్నాను. మొదట పెరట్లో, తర్వాత డాబా మీద, ఇప్పుడు మంచం పక్కన. కంట్లో నీటికాసులు ఉన్నాయని తెలిశాక శీర్షాసనం, సర్వాంగాసనం మానేశాను. ఓంకారం మానలేదు. వయసుతోపాటు ఆసనాలు తగ్గుతాయి, అది మిగులుతుంది.

మోకాళ్ళ_సత్యం
మాస్టారూ, మీ పోస్టు చదివాక నాకూ ధైర్యం వచ్చింది. 64లో మొదలుపెట్టొచ్చా?

వరంగల్_కుర్రాడు
మాస్టారికి నమస్కారాలు. నేను ఎం.ఏ. తత్వశాస్త్రం చదువుతున్నాను. ప్రణవం సూత్రం చెప్పారు, దానికి నాలుగు సూత్రాల ముందున్నది చెప్పలేదు. 'ఈశ్వరప్రణిధానాద్వా' అని ఉంది. 'వా' అంటే 'లేదా'. ఈశ్వరుడి మీద మనసు పెట్టడం ఒక దారి, అదొక్కటే దారి అనలేదు. ఇంకా ముందుకు వెళ్తే 'యథాభిమతధ్యానాద్వా' అంటాడు. ఎవరికి ఇష్టమైనదాన్ని వాళ్ళు ధ్యానించవచ్చని. అక్కడా 'వా' ఉంది. పతంజలే తలుపు తెరిచి పెడితే మనం గడియ వేయడం ఎందుకు?

ఇప్పుడు అందరూ చేసే సూర్యనమస్కారాల వరుస కూడా ఆ సూత్రాల్లో లేదు. దాన్ని ఊరూరా ప్రచారం చేసింది 1920ల్లో మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజావారు. మైసూరు ప్యాలెస్‌లో కృష్ణమాచార్య నేర్పింది 1930ల్లో. ఈనాటి ఆసనాల తరగతి చాలావరకు అక్కడినుంచి పెరిగిందే.

నరసరావుపేట_మాస్టారు
నాయనా, 'వా' చూసినవాడివి రెండో పాదం మొదటి సూత్రం కూడా చూడాలి. 'తపఃస్వాధ్యాయేశ్వరప్రణిధానాని క్రియాయోగః'. తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం మూడూ కలిసి క్రియాయోగం అని. ఇక్కడ 'వా' ఎక్కడుంది? నియమాలు ఐదు చెప్పినచోట ఈశ్వరప్రణిధానం ఐదోది. అక్కడా 'వా' లేదు. మొదటి పాదం మనసు కుదిరినవాడికి. రెండో పాదం మనలాంటి మామూలువాళ్ళకి. మామూలువాళ్ళకి వికల్పం ఇవ్వలేదు.

సూర్యనమస్కారాల వరుస కొత్తదే కావచ్చు. సూర్యుడికి దండం పెట్టడం కొత్తదా?

వరంగల్_కుర్రాడు
మాస్టారూ, ఈశ్వరుడంటే ఎవరో కూడా పతంజలి చెప్పాడు కదా. క్లేశాలు, కర్మలు అంటని ఒక పురుషవిశేషం అన్నాడు. శివుడనీ విష్ణువనీ అనలేదు. పై ఫ్లాట్ ఆవిడ తన దేవుణ్ణి తలుచుకుంటే ఈ నిర్వచనానికి అడ్డమేముంది?

రాజు_భీమవరం
'వా' గురించి పది పోస్టులు అయ్యేలా ఉన్నాయి. ఆవిడ అడిగింది వేరే.

కృష్ణలంక_సిస్టర్ (విజయవాడ)
వేకువజాము గారూ, నేను నర్సుని, 24 ఏళ్ళ సర్వీసు. ఆరోగ్యం వరకు చెప్తాను. ఓం అన్నప్పుడు ఊపిరి నిదానంగా, పొడుగ్గా బయటికి వెళ్తుంది, అంతే. భ్రామరిలో తుమ్మెద నాదం చేసినా ఊపిరి అలాగే వెళ్తుంది. మీ ఇద్దరిలో ఎవరు ఏం పలికినా షుగర్ మీద తేడా రాదు. రోజూ చేయడం ముఖ్యం. వారానికి 150 నిమిషాల మోస్తరు శ్రమ ఉండాలంటారు. యోగా నిదానంగా చేస్తే అది సరిపోదు, కాబట్టి సాయంత్రం నడక కూడా పెట్టుకోండి. బీపీ ఉంటే కపాలభాతి, అంటే పొట్టతో ఊపిరిని బయటికి నెట్టేది, వేగంగా చేయకండి. హెర్నియా ఉన్నవాళ్ళు అసలు చేయకూడదు.

ఫ్రీమాంట్_నాన్న (కాలిఫోర్నియా)
సిస్టర్ గారూ, ఆ 'అంతే' అనే మాటే ఇక్కడ మమ్మల్ని ఇరవై ఏళ్ళుగా తినేస్తోంది.

మా రాష్ట్రంలో ఎన్సినిటస్ అనే ఊరుంది. అక్కడి ప్రభుత్వ స్కూళ్ళలో యోగా పెడితే కొందరు క్రైస్తవ తల్లిదండ్రులు కోర్టుకి వెళ్ళారు. 2013లో ఓడిపోయారు, 2015లో అప్పీలులోనూ ఓడిపోయారు. యోగా గెలిచిందని మనవాళ్ళు వాట్సాప్‌లో సంబరపడ్డారు. ఎలా గెలిచిందో చూడండి. స్కూలువాళ్ళు సంస్కృతం పేర్లు తీసేశారు. పద్మాసనానికి 'క్రిస్‌క్రాస్ యాపిల్‌సాస్' అని పేరు పెట్టారు. మతం వాసన ఏమీ మిగల్లేదు కాబట్టి ఉండొచ్చని కోర్టు అంది. అలబామాలో 1993 నుంచి స్కూళ్ళలో యోగా మీద నిషేధం ఉండేది. 2021లో ఎత్తేశారు కానీ 'నమస్తే' అనకూడదు, మంత్రం చదవకూడదు, ఆసనాలకి ఇంగ్లీషు పేర్లే వాడాలి అని చట్టంలోనే రాశారు.

మా పాప మూడో తరగతిలో ఉండగా సంక్రాంతికి బొట్టు పెట్టుకుని స్కూలుకి వెళ్ళింది. టీచరు బాత్రూమ్‌కి పంపి తుడిపించింది. రెండేళ్ళకి అదే స్కూల్లో 'స్ట్రెచ్ అండ్ బ్రీత్' అని పెట్టి తాడాసనం, వృక్షాసనం నేర్పారు. "ఇది మా తాతయ్య చేస్తారు, దీన్ని వృక్షాసనం అంటారు" అని మా పాప చెబితే "ఇక్కడ ట్రీ అనాలి" అన్నారట. ఆ రోజు ఇంటికొచ్చి అది అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. "నాన్నా, మనది మంచిదైతే మనది కాదంటారా?"

అందుకే అంటున్నాను. చేయండి, ఎవరైనా చేయండి. కానీ ఎక్కడిదో ఒప్పుకుని చేయండి. ఓం దగ్గర నోరు మూసుకుని, ఆసనం దగ్గర చేతులు చాపడం నాకు నచ్చదు.

కృష్ణలంక_సిస్టర్
నోరు మూసుకుని అన్నారు. ఆవిడ మౌనంగా ఉన్నారని చెప్పారండీ, నోరు మూసుకున్నారని కాదు. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో నాకు తెలుసు.

ఫ్రీమాంట్_నాన్న
నేను ఆవిడని అనలేదు. పద్ధతిని అన్నాను. ఒప్పుకోవడానికి ఏం కష్టమో ఎవరైనా చెప్పండి. ఒక్క మాట. "ఇది హిందువులది" అని ఒక్క మాట.

కడప_సుబ్బులు
మా కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి దగ్గర యోగం నేర్చుకున్న సిద్ధయ్య దూదేకుల ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు. మా వైపు ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు. అంతకంటే పెద్ద సాక్ష్యం నాకు తెలీదు.

ఫ్రీమాంట్_నాన్న
సిద్ధయ్య గురువుని ఒప్పుకున్నాడమ్మా! కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. నేను అడిగేదీ అదే కదా.

కృష్ణలంక_సిస్టర్
అయితే నేనూ చెప్తాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

మా ఊళ్ళో 1998లో గుడి మండపంలో ఉచిత యోగా శిబిరం పెట్టారు, పదిరోజులు. మా నాన్నకి ఆయాసం. ప్రాణాయామం మంచిదని ఎవరో చెబితే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళారు. మండపం మెట్లు ఎక్కనివ్వలేదు. వేపచెట్టు కింద కూర్చుని, పైన చేసేవాళ్ళని చూసి చేయమన్నారు. మూడురోజులు అలాగే చేశారు. అందరితోపాటు ఓం అని కూడా అన్నారు, గట్టిగానే. పైనున్న ఒకాయన వెనక్కి తిరిగి, మంత్రం వద్దు ఊపిరి మాత్రం తీసుకో అన్నాడు. నాలుగోరోజు నాన్న వెళ్ళలేదు. అప్పటికి మేమింకా చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఉండేది.

ఇది ఎవరిదో మాకు తెలియదనుకుంటున్నారా? మెట్ల దగ్గర ఆపినరోజే బాగా తెలిసింది. ఆ రోజు ఓం అంటే తప్పన్నారు, ఈ రోజు అనకపోతే తప్పంటున్నారు. మీ పాప బొట్టు తుడిపించినవాళ్ళు దుర్మార్గులే. మరి మా నాన్నని ఆపినవాళ్ళని ఏమనాలి?

రాజు_భీమవరం
అక్కా, చదివి కాసేపు ఊరుకుండిపోయాను.

ఫ్రీమాంట్_నాన్న
సిస్టర్ గారూ, మీ నాన్నగారికి జరిగింది ఘోరం. దాన్ని నేను సమర్థించను. కానీ అది చేసినవాళ్ళ తప్పు. దానికి యోగం మూలాన్ని దాచిపెట్టడం మందు కాదు.

కృష్ణలంక_సిస్టర్
దాచమని నేను ఎక్కడ అన్నానండీ? మూలం హిందువులదే. మొదటినుంచీ కాదనలేదు. మీరు ఒప్పుకోమన్నప్పుడల్లా నాకు టికెట్ అడిగినట్టు వినిపిస్తోంది. మీకేమో నేను 'అంతే' అన్నప్పుడల్లా ఆ టీచరు గొంతు వినిపిస్తోంది.

వరంగల్_కుర్రాడు
దత్తాత్రేయ యోగశాస్త్రం అని ఒక పాత హఠయోగ గ్రంథం ఉంది. బ్రాహ్మణుడైనా, శ్రమణుడైనా, బౌద్ధుడైనా, జైనుడైనా, కాపాలికుడైనా, చివరికి చార్వాకుడైనా శ్రద్ధతో రోజూ అభ్యాసం చేస్తే సిద్ధి పొందుతాడని అందులో ఉంది. చార్వాకుడు దేవుణ్ణే ఒప్పుకోడు. అతనికే లేని షరతు పై ఫ్లాట్ ఆవిడకి ఎందుకు?

నరసరావుపేట_మాస్టారు
ఆ శ్లోకం నాకు తెలుసు నాయనా. 'శ్రద్ధయా సహితః' అన్నాడు. శ్రద్ధ అనేది షరతు కాదా? నా అభిప్రాయం మారలేదు. ఓంకారం లేనిది నాకు యోగం కాదు.

కానీ సిస్టర్ గారూ, ఒకటి చెప్పుకోవాలి. నేనూ అలాంటి శిబిరాలు నడిపాను. నా శిబిరంలో ఎవర్నీ చెట్టు కింద కూర్చోబెట్టలేదని ఇప్పటిదాకా గర్వంగా ఉండేది. మీ పోస్టు చదివాక కూర్చుని ఆలోచించాను. ఎవర్నీ ఆపలేదు నిజమే, ఆ పేటవాళ్ళెవరూ రానూ లేదు. వాళ్ళు ఎందుకు రాలేదని ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు. మీ నాన్నగారి ఆయాసం తర్వాత ఎలా ఉండేది?

కృష్ణలంక_సిస్టర్
2006లో పోయారు మాస్టారూ. ఇంట్లో, మంచం మీద కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకునేవారు. ఆ మూడురోజుల్లో నేర్చుకున్నదే.

గృహిణి_నెల్లూరు
పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో మొదటిది యమం, యమాల్లో మొదటిది అహింస. ఓంకారం సంగతి తర్వాత. ఇంటికొచ్చిన మనిషి ఎదురుగా ఆ మాట అన్నప్పుడే వేకువజాము గారి బావగారు మొదటి మెట్టు తప్పారు.

ఫ్రీమాంట్_నాన్న
అది ఒప్పుకుంటాను. ఆవిడ ఎదురుగా అనకూడదు. మిగతా విషయంలో నా మాట నాదే.

వేకువజాము
అన్నీ చదివాను. నిన్న పైకి వెళ్ళి అడిగాను. "మోకాలు నొప్పిగా ఉందండీ, కొన్నాళ్ళు ఆగుతాను" అన్నారు. మోకాలు కాదని నాకు తెలుసు. బావగారి తరఫున క్షమించమని అడిగాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ కిందికి వస్తానని మాత్రం అనలేదు. అందుకే రేపటినుంచి నా చాప తీసుకుని నేనే పైకి వెళ్తానని చెప్పాను. వాళ్ళ హాల్లో తూర్పు గోడకి సిలువ ఉంది. మెట్లు దిగుతూ ఉంటే గుర్తొచ్చింది, ఓంకారం సంగతి నేను అడగనే లేదు. వాళ్ళింట్లో పైకి అనొచ్చా, మనసులో అనుకోవాలా?

నరసరావుపేట_మాస్టారు
ఆవిడనే అడగండమ్మా. వద్దంటే మనసులో అనుకోండి. పైకి పలికే జపం కంటే మానసిక జపమే గొప్పదని మన పెద్దలు చెప్పారు.

కృష్ణలంక_సిస్టర్
ఒకవేళ మోకాలు నిజంగానే నొప్పయితే మోకాళ్ళు మడిచి కూర్చునే వజ్రాసనం వేయించకండి. కుర్చీలో కూర్చోబెట్టి చేతులవీ, నడుమువీ చేయించండి. వృక్షాసనం వేసేటప్పుడు ఇద్దరూ గోడ పట్టుకోండి, ఈ వయసులో పడకూడదు. ఆర్నెల్ల పరీక్ష రిపోర్టు వచ్చాక ఇక్కడ చెప్పండి, ఇద్దరిదీ.