నేర్చుకోవడానికి ఆన్‌లైన్‌లో మనుషుల్ని కూడగట్టుకోవాలంటే: ముందు గమనించాలా, మొదటి వారమే అడగాలా?

బొబ్బిలి పీఎస్ టీచర్

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మొన్న ఒక శిక్షణలో "ప్రతి టీచరూ పర్సనల్ లెర్నింగ్ నెట్‌వర్క్ ఏర్పరచుకోవాలి" అన్నారు. అంటే సందేహం వస్తే అడగడానికి, చదివి నేర్చుకోవడానికి మనకంటూ కొందరు మనుషులు. ఎలా అని అడిగితే వాట్సాప్ గ్రూపు లింకు ఇచ్చారు. అలాంటివి నా ఫోన్లో అప్పటికే తొమ్మిదున్నాయి. పొద్దున్నే శుభోదయాలు, డీఏ వార్తలు, బదిలీల జాబితాలు. ఒకరు పంపిన పీడీఎఫ్‌నే మళ్లీ నలుగురు పంపుతారు. దాన్ని నెట్‌వర్క్ అనడానికి నాకు మనసొప్పడం లేదు.

ఒక సంగతి చెప్తాను. ఆ మధ్య పదో తరగతి పిల్లలతో చిన్న మోటారు చేయించాను. ఒక బ్యాటరీ, రెండు పిన్నీసులు, ఒక అయస్కాంతం, ఎనామిల్ పూత ఉన్న రాగితీగ చుట్ట. చుట్ట గజగజ వణుకుతుంది గానీ తిరగదు. ఆరువందల మంది ఉన్న గ్రూపులో అడిగితే రెండు నమస్కారాలు, ఒక "ఆల్ ది బెస్ట్ మేడమ్" వచ్చాయి. అదే రాత్రి సైన్సు బొమ్మలు చేసేవాళ్ల చర్చావేదిక ఒకటి వెతికి, తీగ చివర్లను దగ్గరగా ఫొటో తీసి, ఏమేం చేసి చూశామో రాసి అడిగాను. తెల్లారేసరికి ముక్కూముఖం తెలియని ఒకాయన జవాబిచ్చారు: రెండు చివర్లూ పూర్తిగా గీకేశారు, ఒక చివర సగం వైపే గీకండి అని. అర చుట్టు తిరిగాక కూడా కరెంటు పారుతూనే ఉంటే ఆ బలం చుట్టను వెనక్కి లాగుతుందట. ఆ సగంలో కరెంటు తెగితే చుట్ట తన ఊపుతో దాటేస్తుందట. అలాగే చేశాం. తిరిగింది. పిల్లల కేకలకు పక్క క్లాసు సారు పరుగున వచ్చారు.

మా స్టాఫ్‌రూమ్‌లో మాత్రం "కొత్తవాళ్లు ఆరు నెలలు గమనించాకే నోరు విప్పాలి" అంటున్నారు. మొదటి వారమే అడగాలని నేనంటాను. మీరేమంటారు?

సిరిసిల్ల లెక్కల సారు

మేడమ్, నేను మీ స్టాఫ్‌రూమ్ వైపే. మా నాన్న దర్జీ. కొత్తగా చేరిన పిల్లగాని చేతికి కత్తెర ఎన్నడూ ఇయ్యలేదు. ఏడాది దాకా కాజాలు, గుండీలు, అంచులు. జీన్ లేవ్ అనే అమెరికన్ పరిశోధకురాలు లైబీరియా దర్జీల దగ్గర చూసింది కూడా ఇదే: ముందు గుండీలు, అంచులు, ఆ తర్వాత కుట్టు, చివరికి కత్తిరింపు. ఆమె, ఎటియెన్ వెంగర్ కలిసి 1991లో ఈ నేర్చుకునే తీరు గురించే పుస్తకం రాశారు. ఆన్‌లైన్ సమూహాల్లో 100 మందిలో 90 మంది చదివేవాళ్లే ఉంటారని, 9 మంది అప్పుడప్పుడు, ఒక్కరు తరచూ రాస్తారని వెబ్‌సైట్ల వాడకాన్ని పరిశీలించే జాకబ్ నీల్సన్ 2006లో ఒక మోటు లెక్క చెప్పాడు. ఆ 90 మందిని దద్దమ్మలనుకోవద్దు. ఎవరి మాటలో సరుకుందో, ఎవరు ఊరికే ఫార్వర్డ్ చేస్తారో తెలుసుకోవడానికి టైమ్ పడుతుంది. నేను ముగ్గురు లెక్కల టీచర్ల రాతలను ఏడాదిన్నరగా చదువుతున్న. ఒక్క ముక్క రాయలేదు. భిన్నాలు చెప్పే నా పద్ధతి మొత్తం మారింది.

పర్చూరు వికీపీడియన్

మాస్టారూ, మీ నాన్నగారి ఉదాహరణ మేడమ్ గారి వైపే పలుకుతోంది. కాజాలు కుట్టిన కుర్రాడు చూస్తూ కూర్చోలేదు కదా. గిరాకీ తొడుక్కుని వెళ్లే చొక్కాకే కుట్టాడు. కాజా వంకర పోతే మీ నాన్నగారు విప్పించి మళ్లీ కుట్టించి ఉంటారు. లేవ్, వెంగర్ చెప్పింది సమూహం అంచున ఉండి పని చేయడం గురించి, అంచున కూర్చుని చూడడం గురించి కాదు.

నా సంగతి చెప్తాను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. నేను చదవడమే గానీ రాయొచ్చని కూడా అనుకోలేదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రాలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాక చూస్తే, మా పక్క ఊరి పేజీలో ఇంకా ప్రకాశం జిల్లా అనే ఉంది. బాపట్ల అని మార్చాను. ఒక్క మాట. మర్నాడు నా చర్చ పేజీలో ఎవరో స్వాగతం పలికి, "మూలం కూడా ఇవ్వండి" అని, ఎలా ఇవ్వాలో చూపించారు. తర్వాత ప్రయోగశాలలో, అంటే వికీలో రాసి చూసుకునే పేజీలో, నాలుగు పేరాలు రాసి, అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో సందేహం అడిగాను. ఇవాళ నాకు పాత శాసనాల గురించి, జనాభా లెక్కల పట్టికల గురించి అడగడానికి అయిదారుగురున్నారు. ఒక్కరి ముఖమూ చూడలేదు. ఆ ఒక్క మాట మార్చకపోతే నేనున్నానని వాళ్లకు తెలిసేదే కాదు.

ఖమ్మం ఇంగ్లిష్ మేడమ్

"అడగండి, రాయండి" అని చెప్పడం తేలిక. నేను పోయినేడు ఒక పబ్లిక్ గ్రూపులో పాఠం గురించి అడిగితే వారం రోజులు రాత్రి పదకొండింటికి "హాయ్ మేడమ్" మెసేజ్‌లు. అడ్మిన్‌కు చెబితే "బ్లాక్ చేయండి" అన్నారు, అంతే. సిలబస్ మీద చిన్న మాట రాసినా పైనుంచి ఏమంటారోనని టెన్షన్ వేరే. ఊరుకున్న వాళ్లందరూ బద్ధకంతో ఊరుకోలేదు. మాట్లాడమని అనేముందు, మాట్లాడితే మాకేమీ కాదనే చోటు చూపించండి.

బొబ్బిలి పీఎస్ టీచర్

మేడమ్, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఆలోచించకుండా అడిగేశాను. నాకు మేలు జరిగింది కాబట్టి అందరికీ అలాగే జరుగుతుందనుకున్నాను. నేను అసలు పేరు పెట్టను, ఊరి పేరుతో రాస్తాను. ప్రైవేటు మెసేజ్‌లు మూసేస్తాను. పిల్లల ముఖాలు పడకుండా చేతులు మాత్రమే ఫొటో తీస్తాను. ఇవి చేసినా పూర్తి రక్షణ అని చెప్పలేను.

డల్లాస్ డెవలపర్

గమనించడమా, అడగడమా అనే దాని కంటే, నేర్చుకున్నదాన్ని ఎక్కడ దాచుకుంటున్నాం అన్నది నాకు ముఖ్యం. 2008లో ఆన్‌లైన్ చదువుల మీద పనిచేసే జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ కెనడాలో ఒక కోర్సు నడిపారు. మానిటోబా విశ్వవిద్యాలయంలో ఫీజు కట్టింది పాతిక మంది దాకా, ఆన్‌లైన్‌లో ఉచితంగా చేరింది 2,000 మందికి పైనే. అందరూ ఒకేచోట గుమికూడలేదు. ఎవరి పేజీలో వాళ్లు రాసుకున్నారు, ఆ లింకులన్నీ రోజూ ఒక ఉత్తరంగా అందరికీ వెళ్లేవి. నేటి వాట్సాప్ గ్రూపు దీనికి పూర్తి విరుద్ధం. ఫోన్ మారితే, బ్యాకప్ లేకపోతే ఏమీ మిగలదు.

యాహూ గ్రూపుల్లో ఎందరో తెలుగు సాహిత్యం మీద ఏళ్లతరబడి వాదించుకున్నారు. 2019 డిసెంబరులో యాహూ పాత సందేశాలన్నీ తీసేసింది, మరుసటి ఏడాది గ్రూపులే మూతపడ్డాయి. బ్లాగుల్లో కొత్త రాతలన్నీ ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ 2013 జులై 1న పోయింది. నేను దాంట్లో పేర్చుకున్న రెండొందల చిల్లర బ్లాగుల జాబితాను ఆఖరి వారంలో దింపుకున్నాను కాబట్టి బతికింది. మంచి జవాబు దొరికిన రోజే, ఎవరు చెప్పారో, ఎందుకో రాసి మీ దగ్గర పెట్టుకోండి. ఫోన్లో నోట్స్ అయినా చాలు, కాగితం మీదైనా సరే.

సిరిసిల్ల లెక్కల సారు

వికీ సార్ చెప్పిన కాజా మాట ఒప్పుకుంటున్న. నాన్న నిజంగానే విప్పించేవాడు, ఒక్కోసారి రెండుసార్లు. కానీ ఒకటి వదలను. మేడమ్‌కు జవాబు ఎందుకొచ్చింది? మొదటి వారమే అడిగినందుకు కాదు. తీగ చివర్లు కనపడేట్టు ఫొటో పెట్టి, ఏమేం చేసి చూశారో రాసినందుకు. "మోటారు తిరగట్లేదు, హెల్ప్ ప్లీజ్" అని రాసుంటే అక్కడ కూడా ఆల్ ది బెస్టే వచ్చేది. అట్ల అడగడం రావాలంటే మంచిగా అడిగినోళ్ల ప్రశ్నలు కొన్నైనా చదివి ఉండాలె. అందుకే గమనించమంటున్న. ఆరు నెలలు ఎక్కువే, ఒక నెల అనుకుందాం.

బొబ్బిలి పీఎస్ టీచర్

నెల నాకు ఇంకా ఎక్కువే అనిపిస్తుంది మాస్టారూ. వారం చాలు. అయితే అడిగిన తీరు వల్లే జవాబు వచ్చిందన్నది నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

నిన్న తొమ్మిది గ్రూపుల్లో ఏడింటి నుంచి బయటకొచ్చేశాను. ఒకటి స్కూలుది, ఒకటి మండలానిది ఉంచాను, సర్క్యులర్లు అక్కడే వస్తాయి కాబట్టి. ప్రభుత్వ పాఠాల వేదిక దీక్షాలో పాఠాలు చూస్తాను గానీ వీడియో మన సందేహానికి జవాబివ్వదు. అరవింద్ గుప్తా గారి సైన్సు బొమ్మల సైటు రోజూ ఒకటి చొప్పున తెరుస్తున్నాను. మోటారు తీగ చివర్లు, తప్పుగా గీకినవీ సరిగ్గా గీకినవీ పక్కపక్కన పెట్టి ఫొటో తీశాను. ఈ రాత్రికి తెలుగులో రాసి అదే చర్చావేదికలో పెడుతున్నాను, నాలాగా ఇంకెవరికైనా వణికే చుట్ట దొరికితే పనికొస్తుందని.

ఖమ్మం ఇంగ్లిష్ మేడమ్

పెట్టాక లింకు ఇక్కడ ఇవ్వండి. మా సైన్స్ మేడమ్ దగ్గర కూడా అలాంటి చుట్టే ఒకటి బీరువాలో పడి ఉంది. ఆమె అడగమన్నారు: ఎన్ని చుట్లు చుట్టారు?

బొబ్బిలి పీఎస్ టీచర్

పది చుట్లు. పెన్ టార్చి బ్యాటరీ మీద చుట్టి తీశాం. చివర్లు సరిగ్గా ఎదురెదురుగా, తిన్నగా ఉండాలి, లేకపోతే ఒకవైపు ఒరిగిపోతుంది. మా పిల్లలకు అది సరిచేయడానికే ఇరవై నిమిషాలు పట్టింది.