"వినదగు నెవ్వరు చెప్పిన" అంటే ఎవరేమన్నా ఊరుకోమనా?

సుమతీ శతకంలోని "కోమలి విశ్వాసంబును" పద్యం ఆడవాళ్లని అవమానిస్తోందా లేదా అని మొదలైన గొడవలో రెండు వైపులవాళ్లూ అదే శతకంలోని "వినదగు నెవ్వరు చెప్పిన" అన్న ఒక్క పాదమే పట్టుకుని ఎదుటివాళ్ల నోరు మూయించాలని చూస్తున్నారు, అందుకే ముందు పద్యం మొత్తం పెడుతున్నాను.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ!

మొదటి పాదం దగ్గరే ఆగితే "పెద్దలు చెప్పారు, నోరు మూసుకుని విను" అన్నట్టుంటుంది. కానీ పద్యంలో ఉన్నది "ఎవ్వరు" అని. చిన్నవాళ్లైనా, మనకి గిట్టనివాళ్లైనా సరే. "వివరింపదగున్" దగ్గర కొంచెం ఆగండి, విడమరచి చెప్పడం అన్న ఇప్పటి అర్థం ఇక్కడ కుదరదు, మంచిచెడ్డలు విచారించి చూసుకోమని టీకాకారులు చెప్పే అర్థమే సరిపోతుంది. మూడో పాదం "కని, కల్ల నిజము తెలిసిన" అని విడదీసి చదవాలి. ఊరికే విని సహించినవాణ్ణి నీతిపరుడు అనలేదు చూడండి, కల్లేదో నిజమేదో తేల్చుకున్నవాణ్ణే అన్నాడు. ఈ పద్యంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

ఇక రెండో పద్యం, గొడవకి మూలమైన "కోమలి విశ్వాసంబును". ఆడవాళ్ల మీద నమ్మకం, పాములతో చెలిమి, పరస్త్రీల వలపు, వేప తీపి, రాజుల నమ్మిక, అన్నీ బొంకే అంటుంది. ఇది ఆడవాళ్లని అవమానించడమే అని ఒకావిడ రాస్తే మనోభావాలు దెబ్బతిన్నాయని అందరూ ఆవిడ మీద పడ్డారు, ఒకరైతే కేసు పెడతానన్నారు కూడా. 1927లో భారత శిక్షాస్మృతిలోకి వచ్చిన 295ఏ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299, కావాలని, దురుద్దేశంతో మతాన్నో మత విశ్వాసాన్నో అవమానిస్తేనే నేరమంటుంది. నీతి పద్యాన్ని విమర్శించడానికీ దానికీ ఏం సంబంధం? నా మటుకు ఆవిడ అన్నదే నిజం. ఊళ్లో సగం మంది మాట నమ్మొద్దనేది నీతి ఎలా అవుతుంది, ఎవరు రాస్తే మాత్రం?

అలాగని శతకంలోంచి ఆ పద్యం తీసేయాలన్న మాటకీ ఒప్పుకోలేను. అందులోనే "భూమీశుల నమ్మికలును బొంకుర" అని ఉంది. ఈ శతకం రాశాడని చెప్పే బద్దెనని కాకతీయుల కాలంనాటి సామంతుడంటారు, అదే నిజమైతే రాజులకి ఎదురుగా ఆ మాట అనగలగడం చిన్న విషయమా! నొప్పించినవన్నీ కొట్టేసుకుంటూ వస్తే ఆ పాదం ఏనాడో పోయేది. పద్యం ఉండాలి, దాని పక్కనే ఆవిడ అభ్యంతరం కూడా ఉండాలి.

ఆవిడది తప్పనుకునేవాళ్లు ఎక్కడ తప్పో పద్యం చూపించి రాయండి, "ఆ కాలం అలాంటిది" అని ఒక్క మాటతో తేల్చేయకండి. బళ్లో ఈ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టి చెప్పిన తెలుగు మాస్టార్లు, టీచర్లు ఎవరైనా ఉంటే, పిల్లలు ఏమన్నారో కూడా చెప్పండి.