సిలబస్ పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్ సరిగా చదవట్లేదు

ప్రశ్న (అనంతపురం, డిగ్రీ లెక్చరర్):
బీఏ హిస్టరీ సిలబస్ అను ఫాంట్స్‌లో కొట్టించి పీడీఎఫ్ చేశాం. క్లాసులో చూపు లేని పిల్లలు ఇద్దరున్నారు. ఎన్‌వీడీఏలో (తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్) తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతోంది. మొత్తం మళ్లీ టైప్ చేయాల్సిందేనా?

జవాబు (కర్నూలు):
అక్కర్లేదు సార్. తెరమీద తెలుగు కనిపించినా, అను ఫైల్లో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే. స్క్రీన్ రీడర్ చదివేది వాటినే. డీటీపీ వాళ్ల దగ్గర అసలు ఫైలు తీసుకుని, ఆ కోడ్‌లను నిజమైన తెలుగు అక్షరాలుగా మార్చే యూనికోడ్ కన్వర్టర్‌లో వేయండి. ఒత్తులు, అంకెలు చెదురుతుంటాయి. తేదీలు, మార్కులు ఒక్కొక్కటే సరిచూడాలి. ప్రింటు తీసి స్కాన్ చేయడం మాత్రం వద్దు, అది ఉత్త బొమ్మ అయిపోతుంది.

జవాబు (కడప):
ఫాంటు మారిస్తే సగం పనే అయినట్టు. వర్డ్‌లో "యూనిట్ 1"ను బోల్డ్ చేసి వదిలేయకండి, హెడింగ్ 1 స్టైల్ పెట్టండి. అప్పుడు పీడీఎఫ్‌లో కీబోర్డు మీద హెచ్ అక్షరం నొక్కుతూ యూనిట్ నుంచి యూనిట్‌కు పోవచ్చు. లేకపోతే ఐదో యూనిట్ కోసం పిల్లోడు మొదటి పేజీ నుంచీ వినాలి. మార్కుల పట్టికలో గళ్లు కలపొద్దు, ఏ అంకె దేనిదో తెలియదు. పీడీఎఫ్‌ను సేవ్ యాజ్‌లోంచే చేయండి. ప్రింట్ టు పీడీఎఫ్‌తో హెడింగుల గుర్తులన్నీ పోతాయి.

జవాబు (అనంతపురం):
పరీక్ష సౌకర్యాలు మొదటి పేజీలోనే రాయండి మేడమ్, సార్ ఎవరైనా సరే. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్‌తో (చెబితే రాసిపెట్టే మనిషితో) రాసేవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. ఎవరిని, ఎప్పటిలోగా అడగాలో కూడా చేర్చండి. క్లాసులో అందరి ముందూ నోరు తెరిచి అడగాల్సిన పరిస్థితి ఆ పిల్లలకు రాకూడదు.