హన్మకొండ నడిబొడ్డున ఖాళీ ఆఫీసు: కాలేజీ చేద్దామా?

సుబేదారి వాసి:
హన్మకొండ చౌరస్తాకు నడిచి వెళ్లేంత దూరంలో ఒక నాలుగంతస్తుల ఆఫీసు భవనం మూడేళ్లుగా తాళం వేసి ఉంది. అందులోని ఆఫీసులు కొత్త చోటికి వెళ్లిపోయాయి. మూడో అంతస్తు సన్‌షేడ్ మీద రావి మొక్క మనిషెత్తు పెరిగింది. దీన్ని కాకతీయ యూనివర్సిటీకి సిటీ క్యాంపస్‌గా ఇవ్వాలంటాను. కింద పుస్తకాల షాపు, జిరాక్స్, క్యాంటీన్. మధ్యలో క్లాసులు. పైన ఆడపిల్లల హాస్టల్. షాపుల అద్దె కరెంటు బిల్లుకూ వాచ్‌మన్ జీతానికీ అక్కరకొస్తుంది.

మా అక్క కూతురు పరకాల అవతలి ఊరి నుంచి వచ్చి చదువుతోంది. బస్టాండులో దిగి మళ్లీ ఆటో ఎక్కాలి. సాయంత్రమైతే ఊరికి ఆఖరి బస్సు టెన్షన్. చివరి పీరియడ్‌లో సగానికే బ్యాగు సర్దుకుని వచ్చేస్తుంది. క్లాసు బస్టాండు దగ్గరే ఉంటే ఆ సగం పీరియడ్ ఆ పిల్లకు దక్కుతుంది.

కాజీపేట రిటైర్డ్ లెక్చరర్:
బాబూ, ఆ పిల్ల కష్టం నాకు తెలుసు. అలాంటి పిల్లలకే ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. అయినా ఒప్పుకోను. 1959లో ఆర్‌ఈసీకైనా (ఇప్పటి ఎన్‌ఐటీ), 1976లో కాకతీయ యూనివర్సిటీకైనా అంత జాగా ఊరికే ఇవ్వలేదు. చెట్టు కింద సీనియర్లతో వాదించి నేర్చుకున్నదీ చదువే. కాంప్లెక్సుల్లో నడిచే ఇంటర్ కాలేజీలను చూస్తూనే ఉన్నాం కదా. ఆడుకునే గ్రౌండ్ లేదు, కిటికీ తెరిస్తే పక్క గోడ. డిగ్రీ పిల్లలనూ అందులోకే తోద్దామా?

సుబేదారి వాసి:
సార్, ఉస్మానియా 1918లో మొదలైంది గన్‌ఫౌండ్రీ దగ్గర, ఊరి మధ్యలోనే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో మొదలైంది ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారింట్లో. మొన్నటికి మొన్న ములుగు గిరిజన యూనివర్సిటీ కూడా జాకారంలో ఉన్న శిక్షణ కేంద్రంలోనే క్లాసులు మొదలుపెట్టింది.

కాజీపేట రిటైర్డ్ లెక్చరర్:
అవి తాత్కాలికం బాబూ. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి 1939లో సొంత భవనం వచ్చింది. సెంట్రల్ యూనివర్సిటీ గచ్చిబౌలికి వెళ్లింది. మీరేమో ఇదే శాశ్వతం అంటున్నారు.

స్ట్రక్చరల్ ఇంజినీర్, నక్కలగుట్ట:
ఇద్దరూ బరువు సంగతి మర్చిపోయారు. మన భవన నిర్మాణ కోడ్ ప్రకారం మామూలు ఆఫీసు గదికి చదరపు మీటరుకు 250 కిలోల లోడ్ లెక్కగడతాం. క్లాసుకు 300. పుస్తకాల ర్యాకులుండే గదికి కనీసం 600. అంటే లైబ్రరీని కిందే పెట్టాలి, పై అంతస్తుల్లో కుదరదు. క్లాసులకైనా ముందు పాత డ్రాయింగులు తీయాలి, కాంక్రీటు కోర్ టెస్ట్ (చిన్న ముక్క తొలిచి బలం చూసే పరీక్ష) చేయించాలి.

హాస్టల్ మాట మాత్రం వదిలేయండన్నా. హాస్టల్ అంటే వరసగా బాత్రూములు. వాటికి స్లాబ్ కిందికి దించి కట్టాలి. కట్టేసిన స్లాబులో అది కుదరదు. పైన ఫ్లోర్ ఎత్తు పెంచి పైపులు వేస్తే బరువు పెరుగుతుంది, రెండేళ్లలో నీళ్లు కింది క్లాసులోకి కారతాయి. ఇలాంటి మార్పు ఒకటి నేనే రిపేరు చేశాను, గోడ పట్టుకుంటే చెయ్యి తడిసేది. మెట్ల వెడల్పు కూడా చూడండి, కాలేజీకి కనీసం మీటరున్నర కావాలి.

నర్సంపేట అమ్మ:
నాకు ఇద్దరు ఆడపిల్లలు. చాయ్ కొట్టు ముందు నుంచే మా పిల్లలు క్లాసుకు ఎక్కాలంటే పంపను. షాపులు పెట్టండి, కానీ వాళ్ల దారి వేరు, పిల్లల దారి వేరు ఉండాలి.

సుబేదారి వాసి:
అక్కా, మీరన్నది నిజం, నాకు తట్టలేదు. హాస్టల్ తీసేస్తున్నా. లైబ్రరీ కింద, షాపులు రోడ్డు వైపు మాత్రమే, పిల్లలకు వెనక గేటు. సార్, గ్రౌండ్ లేదన్న మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. వారానికి రెండు పూటలు జేఎన్ స్టేడియం అడగొచ్చు, అది సరిపోదని నాకూ తెలుసు. అయినా ఊళ్ల నుంచి బస్సులో వచ్చి పోయే పిల్లల క్లాసులైనా ఇక్కడ జరగాలి, మిగతావి పెద్ద క్యాంపస్‌లోనే ఉండనివ్వండి.

ఇంజినీర్ అన్నా, ఈ రోజు వాచ్‌మన్‌ను బతిమాలి లోపలికి వెళ్లి టేపు పెట్టి చూశాను. మెట్ల వెడల్పు నాలుగడుగుల రెండంగుళాలే ఉంది, మీరన్న మీటరున్నర లేదు. వెనక వైపు పన్నెండడుగుల ఖాళీ ఉంది. అక్కడ రెండో మెట్లు వస్తాయా?